లెక్కపెట్టదు, పోల్చి చూస్తుంది

తరంగాల ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో సెల్‌ఫోన్ మీద కనిపించే సిగ్నల్ గీతల గురించి రాస్తూ, ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎంత బలం ఉందో నిజంగా తెలియాలంటే స్పెక్ట్రమ్ అనలైజర్ పెట్టాల్సిందే అని ఒక ముక్క అనేసి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఆ యంత్రాల ముందే కూర్చున్నదాన్ని. అందుకే ఈ నెల పేజీలన్నీ వాటికే ఇచ్చేస్తున్నాను. సంపాదకులు కొంచెం గొణిగినా ఒప్పుకున్నారు.

ప్రశ్న: మేడమ్, నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. వైవాలో "స్పెక్ట్రమ్ అనలైజర్ ఫ్రీక్వెన్సీని ఎలా కొలుస్తుంది?" అని అడిగారు. సెకనుకు ఎన్ని సైకిల్స్ వస్తున్నాయో లెక్కపెడుతుంది అన్నాను. ఎక్స్‌టర్నల్ సార్ నవ్వారు. ఎందుకు నవ్వారో చెప్పలేదు. పుస్తకంలో బ్లాక్ డయాగ్రమ్ బట్టీ పట్టాను గానీ అందులో ఫ్రీక్వెన్సీని కొలిచే డబ్బా ఏదో నాకు కనపడలేదు.
ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నవ్వి ఊరుకోవడం ఆయన తప్పు, అమ్మాయ్. కొలిచే డబ్బా కనపడలేదన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. అలాంటి డబ్బా అందులో లేదు.

నువ్వు చెప్పింది ఫ్రీక్వెన్సీ కౌంటర్ పని. అదీ ఇదే బల్ల మీద ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు. కౌంటర్ సరిగ్గా ఒక సెకను పాటు గేటు తెరిచి, ఎన్ని సైకిల్స్ లోపలికి వచ్చాయో లెక్కపెట్టి గేటు మూసేస్తుంది. వచ్చేది ఒకే ఒక శుభ్రమైన సిగ్నల్ అయితే దాన్ని మించిన పరికరం లేదు. కానీ దానికి యాంటెన్నా తగిలించావనుకో, ఎఫ్‌ఎం స్టేషన్లు, సెల్ టవర్లు, పక్కింటి వైఫై అన్నీ ఒకే తీగలో కలిసి వచ్చి పడతాయి. సంతలో నిలబడి మొత్తం గోలలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టమన్నట్టే. ఏదో ఒక అంకె వస్తుంది, అది ఎవరిదీ కాదు.

అనలైజర్ చేసేది వేరే పని. దాని కోసం మా ఇంటి రేడియో దగ్గరికి రావాలి. మాది తెనాలి. నాన్నగారికి ఒక మర్ఫీ రేడియో ఉండేది, దాని మీద మా అమ్మ కుట్టిన గుడ్డ కవరు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్, మీటర్లలో 358.4. ఆ రెండు అంకెలూ నాకు ఎక్కాల కన్నా ముందు వచ్చాయి. నాన్నగారు పక్కనున్న మీట తిప్పుతుంటే ముల్లు జరిగేది, స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి పలికేవి. లోపల ఏం జరిగేదో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మీట తిప్పితే స్టేషన్ ఎలాగూ కదలదు. రేడియోలో స్టేషన్లను విడదీసే అసలు ఫిల్టర్ కూడా కదలదు, అది 455 కిలోహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు ఉంటుంది. ముఖ్యంగా కదిలేది లోపలున్న చిన్న ఆసిలేటర్, అంటే సొంతంగా ఒక తరంగాన్ని పుట్టించే సర్క్యూట్. విజయవాడ కావాలంటే అది 1292 కిలోహెర్ట్జ్‌కి వెళ్లాలి. 1292లో 837 పోతే 455. హైదరాబాద్ 738 కావాలంటే అది 1193కి రావాలి. 1193లో 738 పోతే మళ్లీ అదే 455. ఆ తీసివేత చేసేది మిక్సర్ (వంటింటి మిక్సీ కాదు, అయినా పేరుకి తగ్గట్టు కలిపేదే). స్టేషన్ ఏదైనా సరే, దాన్ని తన ఫిల్టర్ ముందుకి లాక్కొచ్చి నిలబెడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఫ్రాన్స్‌లో అమెరికా సైన్యం తరఫున పనిచేస్తున్న ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాడు. సూపర్‌హెటెరోడైన్ అని పుస్తకంలో భయపెట్టే పేరు ఉంటుంది, అంతే.

ఇప్పుడు మీట తిప్పే పని నాన్నగారి చేతిలోంచి తీసేసి ఒక సర్క్యూట్‌కి అప్పజెప్పు. అది ఆసిలేటర్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ మొదటి నుంచి, విసుగు లేకుండా తిప్పుతూ ఉంటుంది. స్పీకర్ తీసేసి, ఫిల్టర్ దాటి ఎంత బలం వచ్చిందో తెర మీద ఎత్తుగా గీయించు. ఆసిలేటర్ ఎక్కడుందో దాన్ని అడ్డంగా గీయించు. నీ చేతిలో ఉన్నది స్పెక్ట్రమ్ అనలైజరే.

అంకెలతో చూద్దాం. నాతో ఎక్కువ కాలం కాపురం చేసింది హెచ్‌పీ 8590 శ్రేణి యంత్రం. అందులో మొదటి ఫిల్టర్ 3921.4 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. హైదరాబాద్‌లో 98.3 ఎఫ్‌ఎం స్టేషన్ కనపడాలంటే ఆసిలేటర్ 4019.7కి చేరాలి. ఆకాశవాణి రెయిన్‌బో 101.9 కావాలంటే 4023.3కి. ఫిల్టర్ గుండా ఒక్కసారిగా శక్తి తోసుకొచ్చిన ఆ క్షణంలో తన ఆసిలేటర్ ఎక్కడుందో యంత్రానికి తెలుసు. అందులోంచి 3921.4 తీసేసి "98.3" అని తెర మీద రాసేస్తుంది. ఆ స్టేషన్ సైకిల్స్‌ని ఎవరూ లెక్కపెట్టలేదు. నీ సిగ్నల్‌ని తన దగ్గరున్న తెలిసిన సిగ్నల్‌తో పోల్చి చెప్పిన జవాబు అది.

ఇంట్లో రేడియోకి 455 కిలోహెర్ట్జ్ చాలినప్పుడు దీనికి అంత పైన ఫిల్టర్ ఎందుకు అని తర్వాతి వైవాలో అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. మిక్సర్‌కి తేడా ఒక్కటే కావాలి, ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది పట్టదు. ఆసిలేటర్ 4019.7లో ఉండగా 98.3 వచ్చినా తేడా 3921.4 అవుతుంది, 7941.1 వచ్చినా అంతే అవుతుంది. ఈ రెండో దాన్ని ఇమేజ్ అంటారు. ఫిల్టర్‌ని అంత పైన పెట్టడం వల్ల ఇమేజ్ ఎక్కడో ఏడెనిమిది గిగాహెర్ట్జ్ దగ్గరికి పోయింది, గుమ్మంలోనే ఒక లో పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలని మాత్రమే లోపలికి వదిలేది) పెట్టి దాన్ని ఆపేయడం తేలిక. అయితే అంత పైన సన్నటి ఫిల్టర్ కట్టడం కష్టం. అందుకని అక్కడి నుంచి 3600 తీసేసి 321.4కి, అందులోంచి 300 తీసేసి 21.4కి మెట్లు దిగుతారు. ఆ కింది మెట్ల మీద సన్నటి ఫిల్టర్లు హాయిగా పనిచేస్తాయి.

ఇంకొక్కటి, ఇది పరీక్షకి కాదు, నా సరదాకి. నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గర తిరిగే ఆ ఆసిలేటర్ గుండెకాయ ఆవగింజంత గోళం. ఇట్రియం, ఇనుము కలిసిన గార్నెట్. దాన్ని అయస్కాంతం మధ్య పెట్టి క్షేత్రాన్ని పెంచుతూ పోతే ఒక్కో గాస్‌కి 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున పైకి వెళుతుంది. మొదటిసారి పాడైపోయిన యూనిట్‌ని విప్పి చూపించినప్పుడు నేను నమ్మలేదు. ఇన్ని లక్షల యంత్రం ఈ గింజ మీద నడుస్తోందా అని.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను రేడియో, టీవీ, ఆంప్లిఫయర్ రిపేర్ చేస్తాను. మా అబ్బాయి టైనీఎస్‌ఏ అనే చిన్న అనలైజర్ కొనిచ్చాడు. 88 నుంచి 108 దాకా పెట్టి యాంటెన్నా తగిలిస్తే ఎఫ్‌ఎం స్టేషన్లు కనిపిస్తున్నాయి. కానీ 98.3 స్టేషన్ మీద మార్కర్ (ఆ చోటి ఫ్రీక్వెన్సీ చదివి చెప్పే గుర్తు) పెడితే ఒకసారి 98.311 అంటుంది, ఇంకోసారి 98.242 అంటుంది. రేడియోలో మాత్రం 98.3లో బాగా వస్తోంది. పరికరం డూప్లికేటా?
ఒక మెకానిక్, రాజమహేంద్రవరం

జవాబు: మీ అబ్బాయిని ఏమీ అనకండి. పరికరం మీరు అడిగిన దానికి ఉన్నంతలో సరిగ్గానే చెప్పింది.

ఆ చిన్న తెర మీద గీత నిజానికి గీత కాదు, 290 చుక్కలు. 88 నుంచి 108 అంటే 20 మెగాహెర్ట్జ్. దాన్ని 289 సందులకి పంచితే చుక్కకీ చుక్కకీ మధ్య 69 కిలోహెర్ట్జ్ పైచిలుకు దూరం. ఇప్పుడు 88 నుంచి చుక్కలు లెక్కపెట్టుకుంటూ రండి. ఒక చుక్క 98.242 దగ్గర పడుతుంది, తర్వాతిది 98.311 దగ్గర. మధ్యలో 98.3 అనే చుక్కే లేదు. టేపు మీద అంగుళాల గీతలు మాత్రమే ఉంటే పావు అంగుళం ఎవరు చెబుతారు? ఆ రెండు చుక్కల్లో ఆ క్షణాన ఏది ఎత్తుగా ఉంటే మార్కర్ దాని మీదికి దూకుతోంది.

సెంటర్ 98.3, స్పాన్ (తెర ఈ చివర నుంచి ఆ చివరికి చూపించే మేర) 1 మెగాహెర్ట్జ్ పెట్టి మళ్లీ చూడండి. చుక్కల దూరం మూడున్నర కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. పెద్ద యంత్రాల్లోనూ ఇదే కథ. పాత తరం అనలైజర్లలో మార్కర్ అంకె స్పాన్‌లో ఒక శాతం వరకూ అటూ ఇటూ ఉండొచ్చని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. 20 మెగాహెర్ట్జ్ స్పాన్‌కి అది 200 కిలోహెర్ట్జ్. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పిల్లలు మార్కర్ పక్కన ఏడు అంకెలు చూసి ఏడూ నిజమేననుకుని రిపోర్టులో దింపేసేవారు. నేను ఎర్ర పెన్నుతో చివరి నాలుగూ కొట్టేసేదాన్ని. మంచిపేరు ఏమీ రాలేదు దానివల్ల.

స్పాన్ తగ్గించాక మీకు ఇంకో చిక్కు వస్తుంది. శిఖరం బదులు రెండు వందల కిలోహెర్ట్జ్ వెడల్పున ఎగిరెగిరి పడుతున్న గడ్డివాము కనిపిస్తుంది. కంగారు పడకండి, ఎఫ్‌ఎం అంటేనే అది. పాట బలాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ అటు 75 కిలోహెర్ట్జ్, ఇటు 75 కిలోహెర్ట్జ్ దాకా ఊగుతుంది. పాట మధ్యలో "అసలు ఫ్రీక్వెన్సీ ఎంత?" అని అడగడం ఊగుతున్న ఉయ్యాలని ఎక్కడున్నావని అడగడమే. అనౌన్సర్ ఊపిరి తీసుకునే సందు కోసం కాచుకోండి. లేదా మాక్స్ హోల్డ్ (ప్రతి చోటా వచ్చిన అత్యధిక ఎత్తుని చెరపకుండా ఉంచేది) పెట్టి రెండు నిమిషాలు వదిలేసి, రెండు వైపులా అంచులు చూసి మధ్య తీసుకోండి.

ఆ సందు దొరికినప్పుడు ఆర్‌బీడబ్ల్యూ 3 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి ఉంచారంటే ఒక చక్కని బొమ్మ కనిపిస్తుంది. మధ్యలో ఒక పొడుగు శిఖరం, దానికి అటు 19, ఇటు 19 కిలోహెర్ట్జ్ దూరంలో రెండు పొట్టి శిఖరాలు. ఆ రెండూ స్టీరియో పైలట్ టోన్ (ఇది స్టీరియో ప్రసారం అని రేడియోకి చెప్పే గుర్తు) వల్ల వచ్చినవి. మీ దగ్గరికి వచ్చిన రేడియోలో స్టీరియో లైటు వెలగడం లేదంటే, తప్పు స్టేషన్‌దా సెట్‌దా అన్నది ఈ బొమ్మతో తేలిపోతుంది.

ఆర్‌బీడబ్ల్యూ అన్నాను కదా, రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్. గుంటూరు అమ్మాయికి చెప్పిన మేకు కొట్టిన ఫిల్టర్ వెడల్పే అది. మీకు రాత్రిపూట మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు కలిసిపోయి వినపడటం తెలిసిందే. ఫిల్టర్ వెడల్పుగా ఉంటే తెర మీదా అంతే, పక్కపక్కనున్న రెండు సిగ్నల్స్ ఒకే ముద్దగా కనపడతాయి. సన్నగా చేస్తే విడిపోతాయి. అలాగని ఎప్పుడూ సన్నగా పెట్టలేం, ఎందుకంటే సన్నటి ఫిల్టర్ బద్ధకంది. దానికి స్పందించే వ్యవధి ఇవ్వాలి. రేడియో మీట గిర్రున తిప్పితే స్టేషన్లన్నీ కుయ్ కుయ్‌మని దాటిపోతాయి, ఒక్క మాటా అర్థం కాదు.

పాత పద్ధతి ఫిల్టర్లకి లెక్క ఇలా ఉంటుంది: స్పాన్‌ని ఆర్‌బీడబ్ల్యూ వర్గంతో భాగించి, సుమారు రెండున్నరతో గుణిస్తే ఒక స్వీప్‌కి, అంటే ఆసిలేటర్ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి వెళ్లడానికి, పట్టే సెకన్లు. 20 మెగాహెర్ట్జ్ స్పాన్‌కి 10 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ పెడితే అర సెకను. 1 కిలోహెర్ట్జ్ పెడితే 50 సెకన్లు. ఫిల్టర్ పదో వంతు, ఆలస్యం వంద రెట్లు. మొండిగా తొందర పెడితే శిఖరం పొట్టిదవుతుంది, పైగా స్వీప్ వెళ్లే వైపుకి జరుగుతుంది. అంటే ఫ్రీక్వెన్సీ కూడా తప్పు చూపిస్తుంది. పెద్ద యంత్రాల్లో అప్పుడు తెర మీద "అన్‌కాల్" అని, అంటే ఈ కొలతని నమ్మొద్దని, వస్తుంది. చాలామంది దాన్ని చూడనట్టు నటిస్తారు.

సన్నగా పెడితే ఇంకో లాభం కూడా ఉంది. కింద గడ్డిలా కనిపించే నాయిస్ ఆర్‌బీడబ్ల్యూ పదో వంతు అయినప్పుడల్లా 10 డీబీ, అంటే పదో వంతుకి, దిగుతుంది. గది వేడిమి దగ్గర ప్రకృతి పెట్టిన నేల ఒక్కో హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌ని సున్నాగా పెట్టుకుని డీబీల్లో చెప్పే బలం). అంతకంటే కిందికి ఎంత డబ్బు పెట్టినా పోలేం, అనలైజర్లయితే దానికి చాలా పైనే ఉంటాయి. మీ దుకాణంలో బలహీనమైన సిగ్నల్ గడ్డిలో మునిగిపోతే ముందు స్పాన్ తగ్గించండి, తర్వాత ఆర్‌బీడబ్ల్యూ తగ్గించండి. ఆంప్లిఫయర్ కొనడం ఆఖరి మాట.

ఇక 98.3 అన్నది నిజంగా 98.3 మెగాహెర్ట్జేనా అని కిలోహెర్ట్జ్ లోపల తేల్చాలంటే స్పాన్, ఫిల్టర్ రెండూ సన్నగా పెట్టాక మిగిలేది లోపలి రిఫరెన్స్ క్రిస్టల్ ఒక్కటే. ఆసిలేటర్ ఎక్కడుందో యంత్రానికి తెలుసు అన్నాను కదా, ఆ తెలివి దీని దగ్గర అరువు తెచ్చుకున్నదే. క్రిస్టల్ పది లక్షల్లో ఒక వంతు తప్పితే 98.3 దగ్గర తేడా 98 హెర్ట్జ్. ఎఫ్‌ఎం ప్రసారానికి అంతర్జాతీయ నియమం ప్రకారం అనుమతించే తేడా 2 కిలోహెర్ట్జ్, కాబట్టి మీ పనికి ఇది చాలు. ల్యాబుల్లో ఇంకా ఖచ్చితం కావాలంటే వెనక ఉన్న 10 మెగాహెర్ట్జ్ సాకెట్‌కి రుబిడియం గడియారమో, జీపీఎస్‌కి కట్టిన ఆసిలేటరో తగిలిస్తారు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పాత అనలైజర్ కొన్నాను. ఏమీ తగిలించకపోయినా తెరకి ఎడమ చివర, సున్నా దగ్గర పెద్ద శిఖరం ఉంటోంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అతను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం వేరే ఏదో అయ్యుంటుంది, ఇది మాత్రం కాదు. సున్నా హెర్ట్జ్ చూడాలంటే ఆసిలేటర్ సరిగ్గా ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ మీదికే రావాలి. అప్పుడు మిక్సర్‌ని దాటుకుని కొంచెం కారి, నేరుగా ఫిల్టర్‌లోకి దూరి తన్ను తానే చూపించుకుంటుంది. మీరు చూస్తున్నది యంత్రం సొంత ముఖం. అది కనిపిస్తోందంటే ఆసిలేటర్, ఫిల్టర్, డిటెక్టర్, తెర అన్నీ బతికే ఉన్నాయని అర్థం. కొనేముందు నేనైతే మొదట చూసేది అదే. కాలిబ్రేషన్ అవుట్ సాకెట్ ఉంటే చిన్న కేబుల్‌తో ఇన్‌పుట్‌కి కలపండి. 8590 శ్రేణి అయితే 300 మెగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 20 డీబీఎం రావాలి. వస్తే నిద్రపోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఎదుట మేడ మీద సెల్ టవర్ ఉంది. స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్నవాళ్లని పిలిపిస్తే రేడియేషన్ ప్రమాదం ఎంతో చెప్పగలరా అమ్మా?
ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో చెప్పగలరమ్మా. ఎంత అని చెప్పాలంటే అనలైజర్ ఒక్కటే చాలదు. దానికి తగిలించే యాంటెన్నా లెక్కలు తెలిసినదై ఉండాలి, కేబుల్‌లో పోయేది కలపాలి. తెర మీద పొడుగు గీత చూపించి భయపెట్టేవాళ్లకి డబ్బులివ్వకండి. స్కేలు మారిస్తే ఏ గీతైనా పొడుగవుతుంది. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ సూచనలో పదో వంతుకి తగ్గించారు. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్ల వివరాలు చూడొచ్చు, కొలిచి చూడమని దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగుల్ (లాప్‌టాప్‌కి తగిలించే చిన్న రేడియో) కొని లాప్‌టాప్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) వేస్తే స్పెక్ట్రమ్ బ్రహ్మాండంగా కనిపిస్తోంది. ఆసిలేటర్‌ని తిప్పే గొడవే లేదు. మరి లక్షలు పోసి అనలైజర్లు ఎందుకు కొంటున్నారు?
ఒక తెలుగు పాఠకుడు, బెంగళూరు

జవాబు: పాత సబ్‌స్టేషన్ ప్యానెల్ ఎప్పుడైనా చూశారా? కరెంటు ఫ్రీక్వెన్సీ చూపించే మీటర్‌లో ముల్లు ఉండదు. వరుసగా చిన్న చిన్న ఉక్కు రేకులుంటాయి, ఒకటి 49.5కి, ఒకటి 50కి, ఒకటి 50.5కి శ్రుతి చేసి. ఏది బాగా వణికితే ఫ్రీక్వెన్సీ అదే. అన్ని రేకులూ ఒకేసారి వింటాయి. మీ ఎఫ్‌ఎఫ్‌టీ ఆ రేకుల మీటర్ లాంటిది. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన పద్ధతితో కంప్యూటర్‌లో వెయ్యి రేకులు పెట్టుకున్నారు మీరు. మర్ఫీ రేడియో వంశానికి చెందిన అనలైజర్‌కి ఒకే రేకు ఉంటుంది, అన్నిటినీ వంతులవారీగా దాని ముందుకి తేవాలి.

మీ డాంగుల్ సెకనుకి 24 లక్షల శాంపిల్స్ తీసుకుంటోందనుకుందాం. 1024 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ వేస్తే రేకుకీ రేకుకీ దూరం 2344 హెర్ట్జ్. 1 హెర్ట్జ్ దాకా వెళ్లాలంటే ఒక పూర్తి సెకను డేటా పోగు చెయ్యాల్సిందే. చూశారా, సన్నగా చూడాలంటే వేచి ఉండాలన్న నియమం ఇక్కడా తప్పలేదు. కాకపోతే వర్గం పోయింది. ఫిల్టర్ పదో వంతుకి ఆలస్యం పది రెట్లే.

ఇంక తేడాలు. మీరు ఒకేసారి చూసేది 2.4 మెగాహెర్ట్జ్ కిటికీ. ఎఫ్‌ఎం బ్యాండ్ మొత్తం చూడాలన్నా డాంగుల్‌ని జరపాలి. జరిపేది ఎవరు? లోపలున్న ఆసిలేటర్. తిప్పే గొడవ పోలేదు, మీ కంటికి కనపడటం లేదంతే. పైగా సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది ఎనిమిది బిట్ల కన్వర్టర్ కాబట్టి పక్కన గట్టి స్టేషన్ ఉంటే, దానికి చాలా కిందనున్న బలహీనమైన సిగ్నల్ దొరకడం కష్టం. ఇప్పటి ఖరీదైన యంత్రాలు రెండు పద్ధతులూ కలుపుకున్నాయి. ముందు మిక్సర్, ఆసిలేటర్, ఆ తర్వాత మంచి కన్వర్టర్, ఎఫ్‌ఎఫ్‌టీ. లక్షలు పోసేది ఎక్కువగా ఆ ముందు భాగానికి.

అయితే ఒక విషయంలో మీ డాంగుల్ మా పాత యంత్రాన్ని ఓడిస్తుంది. కారు రిమోట్ చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క క్షణం కూసి ఊరుకుంటుంది. స్వీప్ చేసే అనలైజర్ ఆ క్షణంలో వేరే చోట ఉంటే, కూసినట్టే దానికి తెలియదు. వైఫై ఇంకా తమాషా. ఆరో ఛానెల్ మధ్య 2437 మెగాహెర్ట్జ్, కానీ అది ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. స్వీప్ వెళుతున్నప్పుడు దొరికిన ముక్క దొరికిన చోట ఒక్కో ముల్లులా గీస్తుంది. ఒక కుర్రాడు ఆ ముళ్లన్నిటికీ మార్కర్లు పెట్టి "పదకొండు సిగ్నల్స్ ఉన్నాయి మేడమ్" అని తెచ్చాడు. రెండో స్వీప్‌లో ముళ్లన్నీ వేరే చోట్ల మొలిచాయి. పాపం, తెల్లమొహం వేశాడు.

ప్రశ్న: హామ్ (సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్స్ వచ్చింది. 145 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే 5 వాట్ల హ్యాండ్ సెట్ ఉంది. దానికి 290లో రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర పుట్టే అనవసరపు సిగ్నల్) ఎంత వస్తోందో మిత్రుడి అనలైజర్‌లో చూద్దామనుకుంటున్నాను. సెట్ యాంటెన్నా తీసి కేబుల్‌తో నేరుగా కలపొచ్చా?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు! ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపు కలిపేయలేదు కదా?

5 వాట్లంటే ప్లస్ 37 డీబీఎం. చాలా బెంచ్ అనలైజర్ల గరిష్ఠ ఇన్‌పుట్ ప్లస్ 30, అంటే ఒక వాట్. చేతిలో పట్టే చిన్నవాటికి ఇంకా చాలా తక్కువ. మధ్యలో 40 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించేది) పెట్టండి, 37లో 40 పోతే మైనస్ 3 డీబీఎం, అది సుఖం. కానీ ఆ అటెన్యుయేటర్ మీదే 5 వాట్లూ వేడిగా దిగుతాయి. అర వాట్ రకం పెడితే అది కాలిపోతుంది, కాలిపోతూ తలుపు తెరిచేస్తే వెనక అనలైజర్ కూడా పోతుంది. పది వాట్ల రకం తీసుకోండి.

కలిపాక 290 దగ్గర శిఖరం కనిపిస్తుంది. అది మీ సెట్‌దని వెంటనే నమ్మొద్దు. 145 మరీ గట్టిగా వస్తే అనలైజర్ మిక్సరే తడబడి సొంతంగా 290ని పుట్టిస్తుంది. తేల్చడానికి ఒక తేలికైన కిటుకు ఉంది. యంత్రం లోపలి అటెన్యుయేషన్‌ని ఇంకో 10 డీబీ పెంచండి. యంత్రం ఆ పదినీ లెక్కలో కలుపుకునే చూపిస్తుంది కాబట్టి నిజమైన హార్మోనిక్ ఎత్తు మారదు. శిఖరం దిగిందా, అది అనలైజర్ పుట్టించినది. దిగడం ఆగేదాకా పెంచి అప్పుడు కొలవండి. నాయిస్ పైకి వస్తుంది, రానివ్వండి.

ఇంత గట్టిగా వద్దన్నది ఎందుకంటే ఆ పని నేను చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, సాయంత్రం ఐదున్నర, బస్సు వేళ అయిపోతోంది. పది వాట్ల ట్రాన్స్‌మిటర్ చూడాలి, అటెన్యుయేటర్ పక్క బల్ల మీద ఉంది. ఇప్పటికే పెట్టేశాననుకుని పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట) నొక్కాను. శబ్దం లేదు, పొగ లేదు. తెర మీద 150 దగ్గర శిఖరం ఒక్కసారి లేచి పడిపోయింది. ఆ తర్వాత ఏ సిగ్నల్ పెట్టినా ముప్పై డీబీ తక్కువ. మొదటి మిక్సర్‌లో డయోడ్లు పోయాయి. విడిభాగం విదేశం నుంచి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ మా పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ యంత్రం మీద కప్పిన గుడ్డ సరిచేసి, నా వైపు ఒకసారి చూసి వెళ్లేవారు. విడిభాగం బిగించిన రోజున ఎడమ చివర సున్నా దగ్గర ఆ పెద్ద శిఖరం మళ్లీ కనిపిస్తే, వరంగల్ పాఠకుడు గారూ, నేను ల్యాబ్‌లో అందరికీ బొబ్బట్లు పంచాను.